వైట్ బ్యాలెన్స్, రా ఫైళ్ల గురించి మేనల్లుడికి ఒక లేఖ

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బెజవాడ పెళ్లి ఫొటోలు చేరాయి. "రా ఫైళ్లలోనే తీస్తున్నాను కదా మామయ్యా, వైట్ బ్యాలెన్స్ సంగతి తర్వాత కంప్యూటర్ ముందు చూసుకోవచ్చు" అని నువ్వు రాసిన మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. వైట్ బ్యాలెన్స్ అంటే వెలుగు ఏ రంగులో ఉన్నా తెలుపు తెలుపుగానే కనిపించేలా ఫొటో రంగులను సర్దడం. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటోలో పెళ్లికూతురి చీర చక్కని కుంకుమ రంగులో ఉంది. రెండు నిమిషాల తర్వాత తీసిన ఫొటోలో అదే చీర వంకాయ రంగుకు తిరిగింది. ఆల్బమ్ చూసే అత్తగారు ఒక్కో ఫొటోను విడిగా చూడరు, ఎదురెదురు పేజీల్లో పక్కపక్కనే చూస్తారు.

ముందు నిజమైన సగం గురించి చెబుతాను. కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్ మీద ఒక్కో చుక్క ముందు ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఏదో ఒక్క రంగు వడపోత మాత్రమే ఉంటుంది. దానిగుండా వచ్చిన వెలుగు ఎంతో ఆ లెక్కను రా ఫైలు దాదాపు ఉన్నదున్నట్టు దాచుకుంటుంది. నువ్వు ఎంచుకున్న వైట్ బ్యాలెన్స్ ఆ లెక్కకు పక్కన అంటించిన చీటీ వంటిది. చీటీ మార్చినంత మాత్రాన లెక్క మారదు. జేపెగ్ అలా కాదు. కెమెరాయే ఆ చీటీని చదివి, రంగులు వండి, ఒక్కో రంగును 256 మెట్లకు కుదించి, మిగిలినది పారేస్తుంది. 14 బిట్ల రా ఫైలులో ఆ మెట్లు 16,384. సర్దుబాటుకు అంత చోటు ఉండడం వల్లనే రా ఫైలు నిన్ను కాపాడుతుంది.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో నేను అనుభవించి తెలుసుకున్నాను. డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో ఒక పెళ్లికి రాత్రి బల్బుల వెలుగులో టంగ్‌స్టన్ సెట్టింగు పెట్టి తీశాను. తెల్లవారాక దాన్ని మార్చడం మరిచిపోయి, ఆరుబయట మంగళస్నానాలన్నీ అదే సెట్టింగుతో జేపెగ్‌లో తీసేశాను. తెల్ల బట్టలు నీలిమందు డబ్బాలో ముంచి తీసినట్టు ఉన్నాయి, పసుపు రాసిన పాదాలు బూడిద పూసినట్టు ఉన్నాయి. వారం రోజులు కూర్చుని సవరించినా, తెల్ల బట్టలో నీలం అప్పటికే 255 దగ్గర తెగిపోయింది కాబట్టి ఆ నేత మళ్లీ కనబడలేదు. ఆ ఇంటివాళ్లు మర్యాదస్థులు, ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

ఇక వెలుగు రంగును కొలిచే కెల్విన్ అంకెలు. దీపం వెలుగు సుమారు 2000, పాతకాలపు ఫిలమెంటు బల్బు 2700 నుంచి 3000, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, నీడపట్టు 7000 లేక అంతకు పైన. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారుతుంది. అయితే కెమెరాలో అదే అంకె పెంచితే ఫొటో పసుపు వైపు తిరుగుతుంది. ఇక్కడ నీలం ఇంత ఎక్కువగా ఉంది, దాన్ని విరిచెయ్యి అని నువ్వు కెమెరాకు చెబుతున్నావన్న మాట. ఫిల్ము రోజుల్లో బల్బు వెలుగులో తీయాలంటే ఆ పసుపును విరిచేందుకు లెన్సు ముందు నీలం ఫిల్టరు బిగించేవాళ్లం, పొరపాటైతే ల్యాబులో ప్రింటు వేసే ఆయన దయ మీద ఆధారపడేవాళ్లం.

నీ ఫొటోల్లో చీర రంగు మారడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే ఆ సర్దుబాటును కెమెరాకే వదిలెయ్యడం. కెమెరాకు చీర తెలియదు, పసుపు తెలియదు. ఫ్రేములో ఏ రంగు ఎక్కువగా కనిపిస్తే అది వెలుగులోని దోషమని అనుకుని తగ్గించబోతుంది. ఇది నీ కంటితో చూడాలంటే ఒక ఉదయం మన మిర్చి యార్డుకు రా. ఎర్రని రాశుల మధ్య నిలబడి ఆటోలో ఒక ఫొటో, 5500 దగ్గర ఆపి ఇంకొకటి తియ్యి. మొదటిదానిలో మంచి తేజ రకం కాయ కూడా ఎరుపు చచ్చి, తాలు కాయలా కనిపించే అవకాశం ఉంది. ఆ ఫొటో చూసి ఏ వ్యాపారీ ధర పెట్టడు. ఇంకో సంగతి కూడా గమనించు: రాశి మీద పడి తిరిగివచ్చే వెలుగు ముఠా కార్మికుల తెల్ల చొక్కాల మీద, మిర్చి టిక్కీల (బస్తాల) అంచుల మీద ఎర్రగా పడుతుంది. అది దోషం కాదు, అక్కడ నిజంగా ఉన్న వెలుగే.

రా ఫైలు క్షమించనిది ఏమిటో కూడా అక్కడే తెలుస్తుంది. కెమెరా వెనుక తెర మీద కనిపించే బొమ్మ, దాని హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫు) రెండూ కెమెరా అప్పటికప్పుడు చేసుకున్న జేపెగ్ నుంచి వచ్చినవే. మొత్తం వెలుగు గ్రాఫు బాగానే ఉన్నట్టు చూపిస్తూనే, ఎరుపు ఒక్కటీ కుడి అంచుకు కొట్టుకుని ఉండవచ్చు. అందుకని మూడు రంగులనూ విడివిడిగా చూపే గ్రాఫు పెట్టుకుని, మిరపకాయలైనా కుంకుమ రంగు పట్టుచీరైనా ఎక్స్‌పోజరు కొద్దిగా తగ్గించి తీసుకో. సెన్సర్ దగ్గరే నిండిపోయిన ఎరుపును ఏ వైట్ బ్యాలెన్సూ వెనక్కి తేలేదు. బల్బు వెలుగులో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ నీలం చాలా తక్కువగా అందుతుంది కనుక, తర్వాత దాన్ని సాగదీసినప్పుడు నీడల్లో ఇసుక చల్లినట్టు నాయిస్ లేస్తుంది.

కాబట్టి నువ్వు చేయవలసింది ఇది. ఒక ఘట్టం మొదలయ్యేటప్పుడు ఆటో తీసేసి, ఆ వెలుగుకు దగ్గరి కెల్విన్ అంకె ఒకటి పెట్టి, ఆ ఘట్టం పూర్తయ్యేదాకా కదపకు. అంకె కొంత తప్పినా ఫరవాలేదు, అన్ని ఫొటోలూ ఒకేలా తప్పుతాయి కాబట్టి ఒకటి సరిచేసి మిగిలినవాటికి అదే సవరణ అంటించవచ్చు. అయితే ఆ ఒకటి దేన్ని చూసి సరిచేస్తావు? జ్ఞాపకాన్ని నమ్మకు, వారం గడిచాక అసలు చీర రంగు నీకు గుర్తుండదు. గౌరీపూజ దగ్గర, మండపంలో, భోజనాల పంక్తిలో, వెలుగు మారిన ప్రతిచోటా 18 శాతం గ్రే కార్డును (ఏ రంగూ కలవని బూడిద రంగు అట్టను) మనుషుల ముఖాల దగ్గర, అదే వెలుగు పడేలా పట్టించి ఒక ఫ్రేము తీసుకో. సాఫ్ట్‌వేర్‌లో డ్రాపర్‌ను (రంగును ఎంచి చూపే గుర్తును) దాని మీద నొక్కితే చాలు.

కార్డు లేదని తెల్ల బట్ట మీద నొక్కేవాళ్లను చూశాను. మధుపర్కానికి పసుపు అంటి ఉంటుంది, దాని మీద నొక్కితే పెళ్లంతా నీలమెక్కుతుంది. పురోహితుడి పంచెకు నీలిమందు పెట్టి ఉంటారు, అక్కడ నొక్కితే పెళ్లంతా పసుపెక్కుతుంది.

రెండు రకాల వెలుగులు కలిసినచోట కార్డు కూడా సగమే సాయపడుతుంది. కల్యాణ మండపంలో ఒక చెంప మీద గులాబీ రంగు ఎల్ఈడీ, రెండో చెంప మీద కిటికీ ఎండ పడుతుంటే ఏ ఒక్క అంకే రెండింటికీ సరిపోదు. డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడి, ముహూర్తం సేపు ఆ రంగు లైట్లు ఆపించు. బల్బుల మధ్య ఫ్లాష్ వాడవలసి వస్తే ఫ్లాష్‌కు నారింజ రంగు జెల్ (వెలుగు రంగు మార్చే పల్చని రేకు) తగిలించు, అప్పుడు రెండు వెలుగులూ ఒక దారికి వస్తాయి. చవక ఎల్ఈడీలు, ట్యూబులైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫ్రేముకూ ఫ్రేముకూ రంగు మారుతుంటే షట్టరును 1/100కో 1/50కో తగ్గించి చూడు.

ఫొటోల్లోని పసుపు ఛాయలన్నిటినీ తుడిచెయ్యకు. హారతి పళ్లెం ముందున్న ముఖం దీపం రంగులోనే ఉండాలి. పెళ్లికూతురిని కాస్త తెల్లగా చెయ్యమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ పనికి మాత్రం వైట్ బ్యాలెన్స్ మీటను వాడకు. ఆ అమ్మాయి రంగు నువ్వు సరిచేయవలసిన దోషం కాదు.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు ఆ పెళ్లి రా ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులో వేసుకుని తీసుకురా. గ్రే కార్డు లేదు కనుక కెమెరా బ్యాగు బూడిద రంగు పట్టీ పడ్డ ఫ్రేము ఏదైనా దొరుకుతుందేమో ఇద్దరం కలిసి వెతుకుదాం. వీలైతే ఆ కుంకుమ చీరను ఒక్క పూట అడిగి తీసుకురా, పక్కన పెట్టుకుని సరిచూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య