నవ్వని గాయకుడు, నాట్యమాడే పాట: ‘ది స్పెషల్స్’ గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పాత ఇంగ్లిష్ పాటల సంకలనం ఒకటి వింటుంటే ‘ది స్పెషల్స్’ అనే బృందం పాటలు తగిలాయి. వారిని ‘స్కా పునరుజ్జీవన బృందం’ అని పరిచయం చేశారు. అసలు స్కా అంటే ఏమిటి? దాన్ని ఇంగ్లండ్‌లో మళ్లీ బతికించవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

జవాబు: స్కా పుట్టిల్లు ఇంగ్లండ్ కాదు, జమైకా. 1950ల చివర్లో కింగ్‌స్టన్ నగరపు వాద్యకారులు, అమెరికా నుంచి వచ్చే రిథమ్ అండ్ బ్లూస్‌ను తమ జానపద సంగీతమైన మెంటోతో కలిపి తయారు చేసుకున్న నృత్య సంగీతం అది. 1962 ఆగస్టులో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ జోరుగా మోగుతున్నది అదే. దాని గుట్టంతా దెబ్బ పడే చోటులో ఉంది. చేత్తో తాళం వేస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి చూడండి. గిటారు, పియానో ఆ అంకెల మీద కాకుండా అంకెకూ అంకెకూ నడుమనున్న ఖాళీలో, చెయ్యి పైకి లేచే క్షణాన, ‘చక్, చక్’ మని పొట్టిగా తెగిపోతూ మోగుతాయి. వినేవాడికి కాళ్లు నిలవకపోవడానికి కారణం ఆ ఖాళీయే. 1966 ప్రాంతంలో ఈ నడక నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. మరో రెండేళ్లలో రెగేగా మారింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జమైకా నుంచి ఇంగ్లండ్‌కు వలస వెళ్లిన కుటుంబాల వెంట ఈ రికార్డులూ వెళ్లాయి. 1960లలో తెల్లజాతి కార్మికుల పిల్లలు కూడా వాటిని మోజుగా కొనుక్కున్నారు. పదేళ్లు తిరిగేసరికి వాతావరణం మారిపోయింది. నేషనల్ ఫ్రంట్ అనే జాతివిద్వేష పార్టీ వీధుల్లో ఊరేగింపులు తీస్తుండగా, 1976లో ఎరిక్ క్లాప్టన్ అంతటి గిటారు విద్వాంసుడే బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసదారులకు వ్యతిరేకంగా మాట్లాడాడు. దానికి నిరసనగా ‘రాక్ అగెనెస్ట్ రేసిజం’ అనే ఉద్యమం మొదలైంది. నల్లవారూ తెల్లవారూ ఒకే వేదిక మీద నిలబడి వాయించడమే ఒక ప్రకటన అయిన ఆ కాలంలో, ఇరువర్గాల యువకులూ చిన్నప్పుడు విన్న స్కా మళ్లీ అక్కరకు వచ్చింది.

ప్రశ్న: ఈ బృందం ఎక్కడ, ఎవరి చొరవతో ఏర్పడింది?

జవాబు: కార్ల కర్మాగారాలకు పేరుపడిన కోవెంట్రీ నగరంలో, 1977లో. మూలపురుషుడు జెర్రీ డామర్స్, కీబోర్డు వాద్యకారుడు. ఒక క్రైస్తవ మతాచార్యుడి కుమారుడైన ఈయన 1955లో పుట్టింది ఊటీలో కావడం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. లాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో తనతోపాటు చిత్రకళ చదివిన హోరేస్ పాంటర్‌ను బేస్ గిటారుకూ, జమైకాలో పుట్టి బాల్యంలోనే ఇంగ్లండ్ చేరిన లిన్వాల్ గోల్డింగ్‌ను గిటారుకూ ఆయన కూడగట్టుకున్నారు. తర్వాత మరో గిటారిస్టు రాడీ బయర్స్, స్థానిక పంక్ (వేగంగా, మొరటుగా సాగే రాక్ సంగీతం) బృందంలో పాడుతున్న టెర్రీ హాల్ వచ్చి చేరారు. టెర్రీ హాల్ వేదిక మీద నవ్వడం అరుదు. ఎదుట జనం గంతులు వేస్తుంటే ఆయన ముభావంగా, ఎవరో బలవంతాన తెచ్చి నిలబెట్టినట్టు పాడేవారు. ఆ ముఖానికీ ఆ లయకూ కుదరని పొత్తే ఈ బృందానికి పెద్ద ఆకర్షణ అయిందని నా అభిప్రాయం.

1978లో పేరున్న పంక్ బృందం ‘ది క్లాష్’ గాయకుడు జో స్ట్రమ్మర్ పిలుపు మీద, ఆ బృందపు కచేరీ యాత్రలో వారికన్నా ముందు వాయించే అవకాశం దొరికింది. సామాన్లు మోసే పనికి చేరిన నెవిల్ స్టేపుల్ మైకు పట్టుకుని జమైకా పద్ధతిలో పాట నడుమ మాటలు అందుకోవడం ఆ రోజుల్లోనే మొదలై, చివరకు ఆయన బృంద సభ్యుడే అయ్యారు. అప్పటికి వారి పాటల్లో పంక్ ఒక ముక్క, రెగే ఒక ముక్కగా ఉండేవి. పంక్ వేగానికి ఎగిరే జనం రెగే భాగం రాగానే ఆగిపోయేవారు. ఈ అతుకు కనిపించకుండా చేయడానికి డామర్స్ పట్టుకున్న ఉపాయమే స్కా. అది రెగేకు పెద్దక్క, వేగంలో మాత్రం పంక్‌కు దగ్గర చుట్టం.

1979లో డామర్స్ ‘టూ టోన్’ (రెండు రంగులు) అనే సొంత లేబుల్, అంటే రికార్డులు వెలువరించే సంస్థ, పెట్టారు. దాని మొదటి సింగిల్ (వైపుకు ఒక పాట ఉండే చిన్న రికార్డు) ‘గ్యాంగ్‌స్టర్స్’, జమైకా గాయకుడు ప్రిన్స్ బస్టర్ పాడిన ‘అల్ కపోన్’ అనే పాత స్కా పాట ఆధారంగా కట్టినది. రెండో వైపు పాట రికార్డు చేయడానికి డబ్బు చాలక, కోవెంట్రీకే చెందిన నియోల్ డేవిస్ అంతకుముందు జాన్ బ్రాడ్‌బరీతో కలిసి చేసిపెట్టుకున్న వాద్యగీతాన్ని ‘ది సెలెక్టర్’ అనే పేరుతో వేశారు. ఆ బ్రాడ్‌బరీయే అప్పటికి స్పెషల్స్ డ్రమ్మర్ అయ్యారు. రికార్డు బ్రిటిష్ అమ్మకాల పట్టికలో 6వ స్థానానికి చేరడంతో, అంతవరకూ పేరు తప్ప మనుషులు లేని ‘సెలెక్టర్’ కోసం డేవిస్ హడావుడిగా ఒక బృందాన్ని సమకూర్చుకోవలసి వచ్చింది. పాట ముందు పుట్టి, పాడేవాళ్లు తర్వాత పుట్టిన ఉదంతాలు సంగీత చరిత్రలో ఎక్కువ లేవు.

తమతో ఒప్పందం చేసుకునే పెద్ద కంపెనీ తమ లేబుల్‌ను కూడా ఒప్పుకోవాలని పట్టుబట్టి స్పెషల్స్ క్రిసాలిస్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ‘మ్యాడ్‌నెస్’, ‘ది బీట్’ బృందాల తొలి సింగిల్స్ కూడా టూ టోన్ నుంచే వెలువడ్డాయి. నచ్చకపోతే ఒక్క రికార్డుతో వెళ్లిపోవచ్చునన్న ఉదార నియమం వల్ల ఆ రెండు బృందాలూ అలాగే వెళ్లిపోయాయి కూడా.

ప్రశ్న: ఆ రికార్డుల మీద కనిపించే నలుపు తెలుపు గళ్లు, నల్ల సూటు మనిషి బొమ్మ ఎవరివి?

జవాబు: ఆ బొమ్మ పేరు వాల్ట్ జాబ్‌స్కో. జమైకా గాయకుడు పీటర్ టోష్ తన ‘వెయిలర్స్’ బృందపు రోజుల్లో నల్ల సూటు, సన్నటి టై, నల్ల కళ్లద్దాలతో దిగిన ఫోటోను చూసి డామర్స్ గీసిన రూపమది. గళ్ల అర్థం వివరించనక్కరలేదు. నలుపూ తెలుపూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు.

ప్రశ్న: ‘గోస్ట్ టౌన్’ మొదటి స్థానంలో ఉండగానే బృందం చీలిపోయిందని చదివాను. అంత విజయం నడుమ ఎందుకలా జరిగింది?

జవాబు: అసలు ఆ పాటే చీలికల మధ్య తయారైంది. 1980 ఆరంభంలో ‘టూ మచ్ టూ యంగ్’తో తొలిసారి మొదటి స్థానం అందుకున్న ఈ బృందం, ఆ ఏడంతా ఎడతెగకుండా ప్రయాణాలు చేసింది. కచేరీల్లో కొట్లాటలు మామూలయ్యాయి. కేంబ్రిడ్జిలో కాపలాదారులకూ అభిమానులకూ మధ్య జరిగిన గొడవలో డామర్స్, హాల్ అరెస్టయి, చెరి 400 పౌండ్లు జరిమానా కట్టారు. రెండో ఆల్బమ్‌లో డామర్స్ హోటల్ లాంజిలలో వినిపించే తరహా సంగీతం వైపు మళ్లడం బయర్స్ వంటివారికి రుచించలేదు. ఒకరి ఊహాశక్తి మీద నిలబడిన బృందానికి ఆ ఊహాశక్తే బరువుగా మారడం అక్కడ మొదలైంది.

బయట పరిస్థితి అంతకన్నా దిగజారింది. 1980లో 20 లక్షలు దాటిన బ్రిటన్ నిరుద్యోగుల సంఖ్య 1982 జనవరికి 30 లక్షలు దాటింది. యాత్రల్లో ఊరూరా మూతపడిన దుకాణాలు చూశానని, గ్లాస్గోలో వృద్ధ మహిళలు ఇంట్లోని కప్పులూ సాసర్లూ వీధిలో పెట్టి అమ్ముకోవడం చూశానని డామర్స్ తర్వాత చెప్పారు. ‘గోస్ట్ టౌన్’ (జనం లేక పాడుబడ్డ ఊరు) అక్కడ నుంచి వచ్చింది. కోవెంట్రీకి దగ్గరలోని లెమింగ్టన్ పట్టణంలో, ఎనిమిది ట్రాకుల చిన్న స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. వినిచూడండి: మొదట ఈదురుగాలి లాంటి చప్పుడు, తర్వాత పాతకాలపు దయ్యాల సినిమాకు సరిపోయే ఆర్గన్, ఆపైన రెగే నడకలో ఈడుస్తూ సాగే లయ, మాటలు లేని ఒక ఏడుపు. క్లబ్బులు మూతపడ్డాయని పాడుతున్నది కోపంతో కాదు, జాబితా చదువుతున్నట్టు. నడుమ ఒక్కసారి, ఊరు కళకళలాడిన పాతరోజులు గుర్తుకొచ్చినట్టు, బాణీ ఉల్లాసంగా మారి మళ్లీ చీకట్లోకి జారుతుంది. ఎగరడానికి పుట్టిన సంగీతం చేత చెడువార్త చెప్పించడం ఈ బృందం సాధించినదన్నిటిలోకీ గొప్ప పని అంటాను.

1981 జూన్‌లో పాట విడుదలైంది. జూలై మొదటి వారంలో లివర్‌పూల్‌లోని టాక్‌స్టెత్‌లో అల్లర్లు చెలరేగి, రోజుల వ్యవధిలో మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్ వంటి నగరాలకు పాకుతుండగా, సరిగ్గా ఆ సమయానికి పాట పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి మూడు వారాలు అక్కడే నిలిచింది. అల్లర్లను పాట రేపలేదు. రాబోయేదాన్ని వాసన పట్టిందంతే. ఆ పాట పాడడానికి ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ టీవీ కార్యక్రమానికి వెళ్లినప్పుడే, తాము వెళ్లిపోతున్నామని హాల్, గోల్డింగ్, స్టేపుల్ చెప్పేశారు. ఆ ముగ్గురూ ‘ఫన్ బాయ్ త్రీ’ అయ్యారు.

ప్రశ్న: తర్వాత ఏమయ్యారు? కొత్తగా వినేవారు ఏ పాటతో మొదలుపెట్టాలి?

జవాబు: డామర్స్ ‘ది స్పెషల్ ఏకేఏ’ పేరుతో కొనసాగారు. లండన్‌లో నెల్సన్ మండేలా 65వ పుట్టినరోజు కచేరీకి వెళ్లి, ఆ ఖైదీ గురించి తెలుసుకుని ఆయన రాసిన ‘ఫ్రీ నెల్సన్ మండేలా’ 1984లో 9వ స్థానానికి చేరింది. 2009లో పాత సభ్యులు మళ్లీ వేదిక ఎక్కినా డామర్స్ అందులో లేరు. 2015లో బ్రాడ్‌బరీ మరణించారు. 2019లో వచ్చిన ‘ఎన్‌కోర్’ వారికి తొలిసారి ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం తెచ్చింది. 2022 డిసెంబరులో టెర్రీ హాల్ కన్నుమూశారు.

వినడం మాత్రం 1979 నాటి ‘ఎ మెసేజ్ టు యూ, రూడీ’తో మొదలుపెట్టండి. అది డాండీ లివింగ్‌స్టన్ 1967లో పాడిన పాట. రెండు రికార్డులనూ వెంటవెంటనే వినండి. గొంతులు వేరు, డ్రమ్ములు వేరు, పన్నెండేళ్ల తేడా. రెండింటిలోనూ ట్రాంబోన్ ఊదింది మాత్రం ఒక్కరే: కింగ్‌స్టన్‌లో ఆ విద్య నేర్చి, 1961లో ఇంగ్లండ్ చేరిన రికో రోడ్రిగెజ్.