స్టోరేజీ కాస్త పెరిగితే పదివేలు ఎక్కువ కట్టాలా?

ఒకే ఫోనుని 128, 256, 512 జీబీ అని మూడు రకాలుగా పెట్టి, ఒక్కో మెట్టుకి వేలకు వేలు ఎక్కువ తీసుకోవడం న్యాయమేనా అని అడిగారు. కాదు. రకాలు పెట్టడం తప్పని నేననను. తక్కువ వాడేవాళ్లు తక్కువలో కొనుక్కుంటారు, అందులో గొడవేం లేదు. కానీ కొన్నాక చోటు పెంచుకునే దారులన్నీ మూసేసి, ఆపైన ఈ రేట్లు పెట్టడం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్క చూడండి. 2024లో ఐఫోన్ 16 వచ్చినప్పుడు మన దగ్గర 128 జీబీ 79,900, 256 అయితే 89,900, 512 అయితే 1,09,900. అంటే పెరిగిన ప్రతి జీబీకీ దాదాపు 78 రూపాయలు. అదే రోజుల్లో కంప్యూటర్‌లో స్టోరేజీ కోసం వేసుకునే ఎస్సెస్‌డీ 1 టీబీది, అంటే దాదాపు వెయ్యి జీబీలది, ఏడెనిమిది వేలకి దొరికేది, అంటే జీబీ ఎనిమిది రూపాయల లోపే. ఫోనులో వేసే చిప్ వేరు, అది చిన్నది, ఖర్చెక్కువ అంటారు. సరే, రెట్టింపు వేసుకోండి, మూడింతలు వేసుకోండి. 78కి ఎలా వెళ్తుంది? 2025లో ఐఫోన్ 17కి మొదటి రకమే 256 జీబీ చేశారు, మంచిదే. కానీ అక్కణ్నుంచి 512కి వెళ్లాలంటే మళ్లీ అదే ఇరవై వేలు. డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు పెరిగిపోయాయని ఇప్పుడు చెప్తున్నారు. చవగ్గా ఉన్న రోజుల్లో మనకేమైనా తగ్గించారా?

అయినా లక్ష రూపాయల ఫోను కొనేవాళ్ల సంగతి పక్కన పెట్టండి. వాళ్లు ఎలాగో కట్టుకుంటారు. దెబ్బ పడేది అన్నిటికన్నా తక్కువ రకం కొని, దాన్నే ఏళ్ల తరబడి వాడేవాళ్ల మీద.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప వేస్తాం. నాన్న ఫోను 64 జీబీది. పోయిన సీజన్లో నాన్నతో పాటు నేనూ గుంటూరు యార్డుకి వెళ్లాను. కాటా అయ్యాక, ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు), ఎంత తూకం అన్న చీటీని వాట్సాప్‌లో పెట్టానని గుమాస్తా చెప్పాడు. తీరా చూస్తే వాట్సాప్ తెరుచుకోదు. ఫోనులో చోటు లేదు, ఏమైనా తీసెయ్యండి అని వస్తోంది. ఆ ఘాటుకి తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ షెడ్డు పక్కన నీడలో కూర్చుని గ్యాలరీ తెరిచాం. మసగ్గా ఉన్న ఫొటో ఒకటి కనబడగానే తీసేద్దామన్నాను.

“అది ఉండనీ అమ్మా, పురుగుమందుల కొట్టు బిల్లు. కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయని తీసి పెట్టుకున్నా” అన్నాడు నాన్న.

తర్వాతది పాస్‌పుస్తకం పేజీ. ఆ తర్వాత బోరు మోటారు మీదున్న నంబరు, వారంటీకి అడుగుతారని. ఆకుముడత వచ్చిన మొక్కల ఫొటోలు ఒక వరస, కొట్లో చూపించి మందు అడగడానికి. క్యాలెండర్ వెనక రాసిన కూలీల లెక్క. నా కంటికి చెత్తలా కనబడ్డవాటిలో ఒక్కటీ చెత్త కాదు, ఆయన కాగితాల పెట్టె మొత్తం ఆ ఫోనులోనే ఉంది. ఆఖరికి పోయినవి మా చెల్లెలి కూతురి డాన్సు వీడియోలు. “మళ్లీ పంపమని అడుగుదాంలే” అన్నాడు. అప్పుడు గానీ చీటీ రాలేదు.

మెమరీ కార్డు వేస్తే సరిపోయేదిగా అంటారు. ఆ ఫోనుకి హైబ్రిడ్ స్లాటు. రెండో సిమ్మో, కార్డో, ఏదో ఒకటే పడుతుంది. పొలంలో ఒక సిమ్ అందదు, ఇంట్లో రెండోది అందదు. ఏది తీసెయ్యాలి? ఖరీదైన ఫోన్లలో అయితే దాదాపుగా కార్డు మాటే లేదు. ఐఫోన్‌కి మొదట్నుంచీ లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్6లో తీసేసి, ఎస్7లో మళ్లీ పెట్టి, 2021లో ఎస్21తో పూర్తిగా ఎత్తేశారు.

మరి క్లౌడ్? గూగుల్ ఫొటోస్‌లో కాస్త కుదించిన ఫొటోలు ఎన్నైనా ఉచితంగా దాచుకోనిచ్చారు. అందరికీ అలవాటయ్యాక 2021 జూన్ 1 నుంచి 15 జీబీ ఉచిత లెక్కలోకి తెచ్చారు, అదీ మెయిల్‌తో, డ్రైవ్‌తో కలిపి. 2024కి వచ్చేసరికి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే పడింది. అది చాలక 100 జీబీ కొనుక్కుంటే గూగుల్‌కి ఏడాదికి 1,300, అంటే అయిదేళ్లకి 6,500. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో 128 నుంచి 256కి తేడా చాలాసార్లు ఇందులో సగం కూడా ఉండదు. మొదటి రోజు రెండు మూడు వేలు చేతిలో లేనివాడు తర్వాత అంతకు రెట్టింపు అద్దె కడుతున్నాడు.

పైగా తక్కువ రకంలో తగ్గేది చోటొక్కటే అనుకోకండి. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23లో 256 జీబీ దానికి యూఎఫ్ఎస్ 4.0 మెమరీ వేసి, 128 దానికి అంతకన్నా నెమ్మదైన 3.1 వేశారు. కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు? “8 ప్లస్ 8 జీబీ ర్యామ్” అని పెద్దక్షరాల్లో రాస్తారు చూడండి, ఆ రెండో ఎనిమిదీ మన స్టోరేజీలోంచి తీసి చూపించేదే. మనం అడగని యాప్‌లు ముందే వేసి ఇస్తారు, కొన్నిటిని తీసెయ్యడానికే వీలుండదు. వాటికీ చోటు మన డబ్బులతోనే. ఛార్జర్ ఇవ్వకపోవడం గురించి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారినా అవదు.

నన్నడిగితే, డబ్బా మీద 64 అనో 128 అనో వెయ్యడం చాలదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు వాడుకోవడానికి మిగిలేది ఎంతో ఎమ్మార్పీ పక్కనే, అంతే సైజులో ముద్రించాలని రూలు పెట్టాలి. అప్పటిదాకా మీరు చెయ్యగలిగింది చెప్తాను. మూడేళ్లకు మించి వాడే ఉద్దేశముంటే కెమెరా విషయంలో ఒక మెట్టు దిగినా సరే, 256 తీసుకోండి. అంత కుదరకపోతే రెండు సిమ్ములూ కార్డూ మూడూ ఒకేసారి పట్టే ట్రే ఉన్న ఫోను అడగండి. షాపతను ఉంది అంటే ఊరుకోకుండా, డెమో ఫోను ట్రే బయటికి లాగించి చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.