మామూత్ సరే, దాన్ని మోసే ఏనుగు మాటేంటి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. అమెరికా కంపెనీ తోడేలు పిల్లల వీడియో చూసినప్పట్నుంచి, ఒక జాతి పిండాన్ని ఇంకో జాతి కడుపులో పెంచే పరిశోధనే చేస్తానంటోంది. చదువుకోమంటే ‘మామూత్‌ని (ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగుని) ఏనుగు మోస్తే ఆ ఏనుగుకి ఏమవుతుంది నాన్నా’ అని నన్నే ప్రశ్నలు వేస్తోంది. ‘దేవకి కడుపులోంచి రోహిణి కడుపులోకి మార్చలేదా’ అని మా అమ్మ దానికి వత్తాసు. బీటెక్ బయోటెక్నాలజీ మంచిదా, బీవీఎస్సీనా, బీఎస్సీ జెనెటిక్సా? ‘డాక్టర్ చేస్తానన్నావు, పశువుల డాక్టరా’ అని బంధువులు నవ్వరా?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: ఒకప్పుడు నానోటెక్నాలజీ అని రాసేవారు, తర్వాత బయోఇన్ఫర్మాటిక్స్, నిన్నటిదాకా డేటా సైన్స్. కోర్సు పేరే మారుతోంది, ఉత్తరం చివర బంధువులు మాత్రం తప్పకుండా ఉంటారు. వాళ్ల దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు మీ అమ్మగారికి. రోహిణీ దేవకీ ఇద్దరూ మనుషులే కదండీ. అక్కడ పని జరిపించింది యోగమాయ. ఇక్కడ అడ్డం పడేదీ మాయే, కాకపోతే కాన్పయ్యాక పడిపోయే మాయ. కాకి గూట్లో కోయిల గుడ్డు పొదిగినంత తేలిక కాదిది. గుడ్డుకి వెచ్చదనం చాలు. కడుపులో పిండం తన మాయతో గర్భసంచిని పట్టుకుని తల్లి రక్తం నుంచి తిండీ ప్రాణవాయువూ తీసుకోవాలి, తల్లి ఒళ్లు దాన్ని పరాయిదని తోసేయకూడదు. గుర్రం, గాడిద ఎంత దగ్గరి చుట్టాలు! గాడిదకి పుట్టే కంచరగాడిద పిల్లని గుర్రం హాయిగా ఈనుతుంది. అదే అచ్చమైన గాడిద పిండాన్ని గుర్రంలో పెడితే ఎక్కువసార్లు మూడో నెల దాటేసరికి ఈసుకుపోతుంది. తిప్పి పెడితే, గుర్రం పిండాన్ని గాడిద మోసేస్తుంది. వీడియోలో ఈ సంగతులు చెప్పరు.

స్పెయిన్‌లో బుకార్డో అనే కొండమేక జాతిలో చివరిది 2000లో చచ్చిపోతే, దాచిన కణాలతో పిండాలు చేసి వేరే మేకల్లో పెట్టారు. 2003లో ఒక్క పిల్ల పుట్టింది. ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లో పోయింది. 2001లో అమెరికాలో మామూలు ఆవు కడుపున పుట్టిన అడవిదున్న దూడ రెండు రోజులు బతికింది. అన్నీ ఓటములే అనను. 2020లో మామూలు గుర్రం కడుపున అరుదైన ప్రెజ్వాల్‌స్కీ అడవి గుర్రం పిల్ల పుట్టి నిలబడింది. కెన్యాలో, ఆడవి రెండే మిగిలిన ఉత్తరాది తెల్ల ఖడ్గమృగం కోసం దక్షిణాది ఖడ్గమృగాన్ని అద్దె తల్లిగా సిద్ధం చేస్తున్నారు. పరీక్షగా దక్షిణాది పిండమే పెడితే తొలిసారి చూడి కట్టిన తల్లి బ్యాక్టీరియా సోకి చచ్చిపోయింది (గర్భం వల్ల కాదు). కోసి చూస్తే 70 రోజుల పిండం, 6.4 సెంటీమీటర్లు. లోకానికి ఆ కబురు 2024 జనవరిలో తెలిసింది.

ఇక ఆ తోడేళ్లు. 2025లో ‘డైర్ వుల్ఫ్’ అని ఊరేగించినవి, బూడిద తోడేలు కణాల్లో 14 జన్యువుల దగ్గర 20 మార్పులు చేసి కుక్కల కడుపున పెంచినవి. పనితనం గొప్పదే. అంతరించిన జాతి తిరిగొచ్చిందంటే మాత్రం నేను నమ్మను, చాలామంది శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు. పెట్టుబడి కోసం కంపెనీ చేసే ప్రచారాన్ని చూసి పిల్ల చదువు నిర్ణయించకండి. మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఒకప్పుడు చిరుతపులి కడుపున చీతాని పుట్టించాలనుకుంది. ఇరాన్ తన చీతా కణాలివ్వనంది, అంతటితో ఆగింది. చివరికి 2022లో చీతాలు నమీబియా నుంచి విమానంలో వచ్చాయి. అదే సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, అంతరించే జంతువుల్ని కాపాడే ల్యాబు, అత్తాపూర్‌లో ఉంది. కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్లని పుట్టించారు, మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. మీ అమ్మాయి చూడాల్సింది ఇలాంటి పని.

కోర్సుల పోలిక అడిగారు. నా ఓటు బీవీఎస్సీకి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, తర్వాత ఎంవీఎస్సీలో పశు గైనకాలజీ. కాలేజీ మీ జిల్లాలోనే, కోరుట్లలో ఉంది. పిండాన్ని తయారుచేసే ల్యాబు వాళ్లు దొరుకుతారు. ఎద కనిపెట్టి, దాన్ని తల్లి కడుపులో పెట్టి, చివరిదాకా ఆ తల్లిని కాచుకునేది వెటర్నరీ డాక్టరే. పరిశోధన కుదరకపోయినా ఆ పట్టాతో బతుకు గడుస్తుంది. బీటెక్ బయోటెక్నాలజీ చదివి, రెండేళ్లు తిరిగి, కోడింగ్ కోచింగ్‌లో చేరిన పిల్లల్ని చాలామందిని చూశాను. బీఎస్సీ జెనెటిక్స్ తప్పేం కాదు, పీహెచ్‌డీ దాకా పోషించే ఓపిక మీకుంటే.

ఇప్పుడు మీ సంగతి. ‘ప్రశ్నలు వేస్తోంది’ అని ఫిర్యాదు చేశారు. ఆ ఏనుగు ప్రశ్న ఆ రంగంలో పెద్దవాళ్లు తలలు పట్టుకునే ప్రశ్న. ఏనుగు చూడి 22 నెలలు. ఆసియా ఏనుగే అంతరించే ప్రమాదంలో ఉంది. తన జాతి పిల్లని కనాల్సిన రెండేళ్లు మన సరదాకి ఇచ్చేయాలా? మనుషుల సరోగసీకైతే 2021 చట్టం ప్రకారం ఆ తల్లి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏనుగు తరఫున సంతకం ఎవరు పెడతారు? పదిహేడేళ్ల పిల్ల వీడియో చూసి మామూత్‌ని కాకుండా తల్లిని గురించి అడిగింది. మీకేమో అది చదువు ఎగ్గొట్టే సాకులా వినపడింది! ఇక నవ్వే బంధువులు – వాళ్ల గేదె అడ్డం తిరిగిన రాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో ఒకసారి అడగండి.

భయపడకండి. పిల్ల దారి తప్పలేదు. ఈ సెలవుల్లో పది రోజులు మండల పశువుల ఆసుపత్రికి పంపండి, డాక్టరుగారితో నేను చెప్పానని కాదు, మీరే వెళ్లి మాట్లాడండి. భుజం దాకా గ్లవ్ తొడుక్కుని చూడి పరీక్ష ఎలా చేస్తారో దగ్గరుండి చూడనివ్వండి. పేడ వాసనతో ఇంటికొచ్చి కూడా ఏనుగు మాటే ఎత్తిందంటే, కోరుట్ల కాలేజీ చూపించడానికి బస్సెక్కండి.