గట్టు మీద సరుగుడు, పక్క పొలంలో నీడ

ప్రశ్న: మాది భీమునిపట్నం మండలం. సముద్రానికి కిలోమీటరుకు పైగా దూరంలో రెండెకరాల ఇసుక నేల ఉంది. తాతల నాటి పట్టా. హుద్‌హుద్ తుపానుకు మా జీడిమామిడి తోట వేళ్లతో సహా లేచిపోయింది. మళ్లీ వేసిన మొక్కలు ఉప్పుగాలికి చిగుళ్లు మాడి ఎదగడం లేదు. అందుకని తూర్పు గట్టు వెంట మూడు వరుసల సరుగుడు వేద్దామని గుంతలు తీయించాను. ఆవలి పొలం నాకు వరసకు బాబాయి అయ్యే ఆయనది. అందులో మల్లెతోట, ఒక నేలబావి ఉన్నాయి. నీడ పడి పూత పోతుందని, సరుగుడు వేళ్లు బావి నీళ్లు లాగేస్తాయని ఆయన లాయరు నోటీసు పంపించారు. నా భూమిలో నేను చెట్లు నాటుకోకూడదా? అటవీశాఖ అనుమతి కావాలా?
– ఒక రైతు

జవాబు: నాటుకోవచ్చు. పట్టా భూమిలో సరుగుడు నాటడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చేతికి వచ్చింది నోటీసే తప్ప కోర్టు ఉత్తర్వు కాదు. దాన్ని చూసి గుంతలు పూడ్చవద్దు. అలాగని ఈ వారమే మొక్కలు పెట్టేయనూ వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు నీడ సంగతి. పక్కవారి భూమికి సంబంధించిన అనుభవ హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అనుభవించిన వెలుతురు, గాలి మీద హక్కు వస్తుంది. అయితే అది కట్టడానికి మాత్రమే. ఖాళీ నేలకు వచ్చే వెలుతురు, గాలి మీద అలాంటి హక్కు రాదని 17వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. మల్లెతోట కట్టడం కాదు. కాబట్టి ఎన్ని తరాలుగా ఎండ పడుతున్నా, ఆ కారణంతో మీ చెట్లను ఆపమని ఆయన అడగలేరు.

బావి విషయంలోనూ చట్టం మీవైపే ఉంది. ఒక నిర్దిష్టమైన కాలువగా పారకుండా భూమిలో ఊరే నీటిని తన హద్దుల్లో వాడుకోవడం ప్రతి భూయజమానికీ ఉన్న సహజ హక్కు అని 7వ సెక్షను చెబుతుంది. అలాంటి ఊటనీటి మీద దీర్ఘకాల అనుభవంతో హక్కు రాదని చెప్పేది కూడా ఆ 17వ సెక్షనే.

ఇక ఆయన వాదన నిలబడేది ఎక్కడంటే, కొమ్మ దగ్గర, వేరు దగ్గర. మీ చెట్టు కొమ్మ గట్టు దాటి ఆయన పొలం మీదికి వాలితే, తన నేలలో నిలబడి హద్దు వరకు దాన్ని కొట్టుకునే హక్కు ఆయనకు ఉంటుంది. వేరుకూ అంతే. కొట్టిన కొమ్మ మాత్రం మీదే. ఎన్నేళ్లు వాలి ఉన్నా, అలా వాలి ఉండే హక్కు మీకు రాదు. ఆ వేళ్ల వల్ల పంటకో బావి ఒరకో నిజంగా నష్టం జరిగిందని రుజువు చేస్తే నష్టపరిహారం, దానితో పాటు శాశ్వత ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కూడా అడగవచ్చు. ఇంకా నాటని మొక్కను ఆపమని ఇప్పుడే కోర్టుకు వెళితే మాత్రం, గట్టి నష్టం తప్పదని ఆయనే చూపించాలి. అది తేలిక కాదు.

గట్టుకు ఎన్ని అడుగుల లోపల నాటాలనే లెక్క ఈజ్‌మెంట్ చట్టంలో గానీ, మన రాష్ట్ర వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో గానీ లేదు. ఆ లెక్క మనమే పెట్టుకోవాలి. నా మాట వినండి, మొదటి వరుసను గట్టు నుంచి పది అడుగులు లోపలికి జరపండి. గాలికట్టు వల్ల చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. నలభై అడుగుల సరుగుడు నాలుగు వందల అడుగుల మేర కాపు కాస్తుందన్నమాట. పది అడుగులు వెనక్కి జరిగినంత మాత్రాన మీకు పోయేది ఏమీ ఉండదు. గట్టుకూ మొదటి వరుసకూ మధ్య రెండు మూడు అడుగుల లోతు కందకం తవ్వించి, ఏటా ఒకసారి శుభ్రం చేయించండి. పైపైన పాకే వేళ్లు అక్కడ తెగిపోతాయి. రేపు కోర్టులో మీరు జాగ్రత్త తీసుకున్నారనడానికి ఆ కందకమే సాక్ష్యం.

మొక్కలు వెంటనే పెట్టవద్దన్నది హద్దు తేలడం కోసం. ఒకసారి అడ్వకేట్ కమిషనరుగా, అంటే స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన లాయరుగా, ఇలాంటి పొలానికే వెళ్లాను. రెండు పక్షాలూ చూపిస్తున్న సర్వే రాయి కోసం గంటసేపు వెతికాం. చివరికి అది ఒక తాటిచెట్టు మొదట్లో దొరికింది. వేళ్లు చుట్టుకుపోయి ఒక మూల మాత్రం పైకి కనిపిస్తోంది. నాటినప్పుడు కొలిపించి ఉంటే ఆ దావా పుట్టేదే కాదు. మీరు సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలత) దరఖాస్తు పెట్టండి. సర్వేయరు పక్క రైతుకు నోటీసు ఇచ్చి, ఇద్దరి ఎదుటా కొలుస్తారు. మీ గ్రామంలో రీసర్వే పూర్తయి ఉంటే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్‌పీఎం (భూకమతం పటం) నంబరు కూడా రాయండి. రాళ్లు పాతించి, ఫొటోలు తీసి, అప్పుడు మొక్కలు పెట్టండి.

అటవీశాఖ ప్రశ్న నాటేటప్పుడు రాదు, నరికేటప్పుడు వస్తుంది. వాల్టా కింద చెట్టు నరకాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి వాటికి మినహాయింపు ఉంది. టేకుకు లేదు. కాబట్టి సరుగుడు మధ్యలో నాలుగు టేకు మొక్కలు కలుపుదామనుకుంటే, నరకడానికి, కలప తరలించడానికి అనుమతులు తీసుకోవలసి ఉంటుందని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఏం నాటారో గ్రామ పంటల రికార్డయిన అడంగల్‌లో, ఈ-పంటలో నమోదు చేయించండి.

గట్టు మీదుగా కరెంటు తీగలు పోతుంటే వాటి కింద నాటవద్దు. తీగ తర్వాత వచ్చిన చెట్టును తొలగిస్తే, 2003 విద్యుత్ చట్టంలోని 68వ సెక్షను కింద పరిహారం రాదు. సముద్రపు పోటు ఎక్కువగా వచ్చే గీతకు 500 మీటర్ల లోపు పొలం ఉన్నవారికి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. సేద్యం, తోటలు అక్కడా చేసుకోవచ్చు గానీ ఇసుక దిబ్బలను చదును చేయకూడదు. మీ పొలానికి ఆ చిక్కు లేదు.

నోటీసుకు గడువులోగా జవాబు తప్పనిసరిగా ఇవ్వండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని రేపు వాదిస్తారు. కానీ ఆ జవాబు పోస్టు చేసే ముందు ఒక సాయంత్రం, మూడు దాటాక, బాబాయి మల్లెతోటలోకి వెళ్లి నిలబడండి. ఉదయం నీడ మీవైపు పడుతుంది, సాయంత్రపు నీడ ఆయనవైపే పోతుంది. మల్లెకు నిండు ఎండ కావాలి. ఆయన భయం చట్టం ముందు నిలవకపోవచ్చు గానీ అబద్ధం కాదు. పది అడుగులు వదులుతున్నామని, కందకం తవ్విస్తామని, మూడు వరుసలూ ఒకేసారి కాకుండా ఒక్కొక్క వరుసగా కోస్తామని చెప్పండి. వేసవిలో పడమటి వడగాలి వీచినప్పుడు ఆ చెట్లు ఆయన తోటకే కాపు అని కూడా చెప్పండి. ఒప్పుకుంటే ఆ నాలుగు మాటలూ స్టాంపు కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. ఆయన సంతకంతో పాటు కొడుకులవి కూడా తీసుకోండి. సరుగుడు కోతకు నాలుగైదేళ్లు పడుతుంది, ఆ లోగా పొలం వారి చేతికి వచ్చినా రావచ్చు.