వెబ్‌సైట్లు అందరికీ పనిచేసేలా చేయడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడి హాస్టల్‌లో చూపు లేని మిత్రుడు ఒకడున్నాడు, డిగ్రీ చదువుతాడు. అతని అప్లికేషన్లు, ఫీజులు అన్నీ ఆన్‌లైన్లో మావాడే చూస్తాడు. ఇప్పుడేమో ‘నేను యాక్సెసిబిలిటీ లైన్లోకి వెళ్తా, దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా వెబ్‌సైట్లు తయారుచేస్తా’ అంటున్నాడు. తోటివాళ్లంతా ఫుల్‌స్టాక్, ఏఐ కోర్సుల్లో చేరారు. ఇది సేవ అవుతుంది గానీ ఉద్యోగం ఎలా అవుతుందని మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉద్యోగం అవుతుందండీ. సేవ అన్న మాటను ముందు పక్కన పెట్టండి, మీ టెన్షన్‌కు అదే మూలం. బ్యాంకు మెట్ల పక్కన ర్యాంపు కట్టిన మేస్త్రీ కూలి తీసుకునే కడతాడు. ఇదీ అలాంటి పనే.

మీవాడికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. రెండేళ్ల క్రితం చూపు లేని ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఏదో పోటీ పరీక్షకు అప్లికేషన్ పెట్టాలి, ఆ రోజే ఆఖరు తేదీ. నా టేబుల్ మీదే లాప్‌టాప్ తెరిచి, నాకూ వినబడాలని ఇయర్‌ఫోన్స్ తీసేసింది. ఆమె వాడేది ఎన్‌వీడీఏ. స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ఇలాంటివాటిని స్క్రీన్ రీడర్ అంటారు. ట్యాబ్ నొక్కితే ‘ఎడిట్’ అంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘ఎడిట్’. తన పేరు ఎక్కడ రాయాలో, తండ్రి పేరు ఎక్కడ రాయాలో చెప్పడం లేదు. గళ్ల పక్కన ఆ మాటలు నా కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. కోడ్‌లో మాత్రం ఆ మాటకూ ఆ గడికీ ఎవరూ ముడి వేయలేదు. పాపం, ఎన్నో గడి ఏదో నన్నడిగి లెక్కపెట్టుకుంటూ అన్నీ నింపింది. చివర్లో క్యాప్చా బొమ్మ, దానికి వినిపించే ఏర్పాటు లేదు. నేను చదివి చెప్పేలోపు గడువు అయిపోయి సైట్ మొదటి పేజీకి వెళ్లిపోయింది. రెండోసారి నేనే నింపి పంపాను. వెళ్తూ వెళ్తూ, ‘సార్, నా పాస్‌వర్డ్ మీకు తెలిసిపోయింది, ఇంటికెళ్లి మార్చుకోవాలి’ అంది. తప్పుగా ఏమీ అనలేదు, ఉన్నమాటే అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీ అబ్బాయి మిత్రుడి ఫీజులు కడుతున్నాడంటే, అతని ఓటీపీలు కూడా మీవాడి చేతిలోనే ఉన్నాయి. మీవాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. అందరికీ అలాంటి మిత్రుడు దొరకడు, దొరికినా తన బ్యాంకు వ్యవహారం తనే చూసుకోవాలని ఎవరికుండదు?

ఇక ఉద్యోగాల సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం మనకు 2016లోనే వచ్చింది. కానీ చాలాకాలం కంపెనీలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు వేసిన కేసులవి. కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. రెప్పలే కాలిపోయిన మనిషి ఎలా ఆర్పాలి? అదే ఏడాది జులైలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ కూడా తన కిందున్న సంస్థల యాప్‌లు, సైట్లు దివ్యాంగులకు పనికొచ్చేలా ఉండాలని ఆదేశించింది. యూరప్‌లో ఇలాంటి చట్టమే 2025 జూన్ 28 నుంచి అమల్లో ఉంది. అక్కడి వినియోగదారులకు ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకింగ్ లాంటి సేవలు అందించే కంపెనీ, మరీ చిన్నది కాకపోతే, ఏ దేశానిదైనా సైటు సరిచేసుకోవాల్సిందే. ఆ పనిలో కొంత మన ఐటీ కంపెనీలకు వస్తుంది. డీక్యూ అనే కంపెనీ పూర్తిగా ఈ రంగంలోనిదే, దానికి హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది.

అయితే ఒక నిజం దాచకూడదు. ‘యాక్సెసిబిలిటీ’ అన్న పేరుతోనే ఫ్రెషర్లకు వచ్చే పోస్టులు తక్కువ. ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గానో టెస్టర్‌గానో చేరి, ఒకటి రెండేళ్లలో ఇటు మళ్లేవాళ్లే ఎక్కువ. కాబట్టి తోటివాళ్లు నేర్చుకునే హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ మీవాడూ నేర్చుకోవాలి, వాళ్లకంటే లోతుగా నేర్చుకోవాలి. ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. చాలామంది కుర్రాళ్లు ఒక డివ్‌కు, అంటే పేజీలో ఉత్త డబ్బా లాంటి ట్యాగ్‌కు, రంగు పూసి, క్లిక్ తగిలించి, ఇదే బటన్ అనుకుంటారు. మౌస్‌తో పనిచేస్తుంది. కానీ ట్యాబ్ దాని మీద ఆగదు, ఎంటర్ నొక్కితే కదలదు, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని పలకదు. అదే అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఈ మూడూ ఉచితంగా వస్తాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా విడమరిచి చెప్పగలిగితే చాలు, ఎదుటివాళ్లకు వీడి సరుకు తెలిసిపోతుంది.

ఈ రంగానికి పాఠ్యపుస్తకం లాంటిది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్‌కు ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ సంస్థ యాక్సెసిబిలిటీకి పెట్టిన ప్రమాణాలు. ఇప్పుడు నడుస్తున్న 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి అన్నంత కచ్చితంగా రాసి ఉంటుంది. మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. డబ్ల్యూత్రీసీ వాళ్ల పరిచయ కోర్సు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు. ఐఏఏపీ అనే ఈ రంగం నిపుణుల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే డబ్బు పోయకండి, ఉద్యోగంలో చేరాక చూద్దాం.

ఏఐ వచ్చి ఈ పని తినేయదా అని మీరు అడగబోతారని తెలుసు. లోపాలు పట్టే టూల్స్ ఇప్పటికే ఉన్నాయి, యాక్స్, వేవ్ లాంటివి. బొమ్మకు వివరణ ఉందా లేదా అని అవి చెప్తాయి. ఆ వివరణలో ‘ఫోటో 204’ అని రాసి ఉన్నా చాలాసార్లు పాస్ చేసేస్తాయి. ఏఐ బొమ్మను చూసి నాలుగు మాటలు రాస్తుంది, నిజమే. కానీ ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో, చదివేవాడికి దానిలో ఏది కావాలో తేల్చడానికి ఇంకా మనిషి కావాలి.

తెలుగులో అయితే బోలెడంత పని ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్‌లు చాలావరకు కంటికి తెలుగులా ఉంటాయి, స్క్రీన్ రీడర్ మాత్రం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. స్కాన్ చేసి పెట్టిన జీవోలకు అసలు నోరే ఉండదు. మీవాడిని ప్రాజెక్టుగా కాలేజీ వెబ్‌సైట్‌నే తీసుకోమనండి. మౌస్ పక్కన పెట్టి, స్క్రీన్ ఆఫ్ చేసి, ఎన్‌వీడీఏతో హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేయడానికి ప్రయత్నించమనండి. ఎక్కడెక్కడ ఆగిపోయాడో, ఏ లైను మారిస్తే సరిపోతుందో రాసి, కోడ్ నలుగురికీ చూపించుకునే గిట్‌హబ్ సైట్లో పెట్టమనండి. రెజ్యూమెలో పది కోర్సుల పేర్లకంటే ఆ ఒక్క రిపోర్టుకు బరువెక్కువ.

ఆ రిపోర్టు మాత్రం ఒంటరిగా చేయొద్దనండి. కళ్లు మూసుకుని గంటసేపు తడుముకున్నవాడికీ, ఏళ్లుగా వినికిడితోనే కంప్యూటర్ నడిపేవాడికీ చాలా తేడా ఉంది. మీవాడు తప్పనుకున్నది ఆ మిత్రుడికి లెక్కలోకే రాకపోవచ్చు, అతన్ని ఆపేసేది మీవాడి దృష్టికే రాకపోవచ్చు. స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడే టెస్టర్ల కోసం కంపెనీలు వెతుకుతాయి కూడా. డిగ్రీ తర్వాత ఏం చేయాలని ఆ అబ్బాయిని ఎవరైనా అడిగారో లేదో తెలియదు. మీవాడిని అడగమనండి. ఇష్టమంటే ఆ ఎడెక్స్ కోర్సులో ఇద్దరూ కలిసి చేరొచ్చు, రిపోర్టు మీద ఇద్దరి పేర్లూ వేసుకోవచ్చు.