సినిమా బాగుందన్నావు, సరే. ఎక్కడ?

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన సినిమా సమీక్షలూ అందాయి. అన్నీ చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. వాటన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన వాక్యం సమీక్షల్లో లేదు, ఉత్తరంలో ఉంది. సంతకానికి కాస్త పైన, అప్పుడే గుర్తొచ్చి ఇరికించినట్టు రాశావు: "వాళ్ల నాన్న కాల్ కట్ చేశాక కూడా వాడు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని 'ఆఁ, సరే నాన్నా, సరే' అంటూ ఉంటాడు, పక్కనున్న ఫ్రెండ్‌కి తెలియకూడదని. అక్కడ నాకు గొంతు పట్టేసింది."

ఇదే సినిమా మీద సమీక్షలో నువ్వు రాసింది: "తండ్రీకొడుకుల మధ్య ఎమోషన్ బాగా వర్కవుట్ అయింది."

ఈ రెండూ రాసింది ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాలేదు. ఉత్తరంలో నువ్వు నాతో మాట్లాడావు. సమీక్ష అనేసరికి నిటారుగా కూర్చుని, అంతకుముందు చదివిన సమీక్షలన్నీ గుర్తు చేసుకుని, వాటి భాషలోకి వెళ్లిపోయావు. కథ, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక వర్గం, చివర్లో బాటమ్ లైన్. సినిమా మారినా ఈ గళ్లు మారవు. గడి ఉంది కాబట్టి దాంట్లో ఏదో ఒకటి నింపాలి. అందుకే "నేపథ్య సంగీతం ఆకట్టుకుంటుంది", "నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి" లాంటి మాటలు వచ్చి కూర్చుంటాయి. సంగీతం గురించి నీకు నిజంగా ఏమీ అనిపించకపోతే దాని ఊసే ఎత్తకు. ఏదని ఎవరూ అడగరు. సినిమా చూసొచ్చి నలుగురితో సరదాగా నాలుగు మాటలు పంచుకోవాలనుకున్నవాడివి నువ్వు. ఒక్కో శాఖకీ లెక్క చూసే ఆడిటర్‌వి కాదు.

నేను చెప్పాలనుకున్నది నిజానికి ఒక్కటే. బాగుందనో బాలేదనో ఎవరైనా అంటారు. అలా ఎక్కడ అనిపించింది, అప్పుడు తెర మీద ఏం జరుగుతోంది అన్నది మాత్రం నువ్వే చెప్పాలి. దానికి పెద్ద సినిమా పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. ఇప్పటికీ దాన్ని తలుచుకునేవాళ్లు "ఛాయాగ్రహణం అద్భుతం" అని ఊరుకోరు, 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెల గురించి చెప్తారు. ఆ వెన్నెల కురిపించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పేరు వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. అయినా వాళ్లు చెప్పేది వింటే సినిమా కళ్ల ముందు కదులుతుంది. "కెమెరా పనితనం కన్నులపండుగ" అని నువ్వు రాసింది చదివితే నాకేమీ కనబడలేదు.

ఇక ల్యాగ్ సంగతి. నువ్వు పంపినవాటిలో దాదాపు ప్రతిదాంట్లోనూ ఈ మాట ఉంది: "సెకండాఫ్‌లో ల్యాగ్ ఎక్కువైంది, ఎడిటర్ తన కత్తెరకి ఇంకాస్త పని చెప్పాల్సింది." పాపం ఎడిటర్! విసుగొచ్చిన ప్రతిసారీ తప్పు ఆయనదే ఎందుకవుతుంది? నువ్వు రాసిన ఆ క్రైమ్ సినిమానే తీసుకుందాం. హీరోయిన్ అన్నయ్యే హంతకుడని ఇంటర్వెల్‌కి ముందే మనకి తెలిసిపోయింది. హీరోకి తెలియదు. ఆ సంగతి కనుక్కోడానికి అతను తర్వాత చాలాసేపు తిరుగుతాడు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతాడు, ఫైళ్లు తిరగేస్తాడు, మధ్యలో ఓ పాట కూడా వస్తుంది. మనం వాచీ చూసుకుంటూ ఉంటాం. ఆ సీన్లని ఒక్కొక్కటిగా ఎంత కత్తిరించినా పెద్ద లాభం ఉండదు, మనకి తెలిసిందే మళ్లీ మళ్లీ చెప్తున్నారు కాబట్టి. ఆ చిక్కు స్క్రిప్టులోనే ఉంది.

అలాగని ప్రేక్షకుడికి ముందే తెలియడం తప్పని కాదు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూలో చెప్పిన బాంబు సంగతి నువ్వు వినే ఉంటావు. బల్ల కింద బాంబు ఉందని మనకి చెప్పకుండా పేల్చేస్తే 15 సెకన్ల ఉలికిపాటు. బాంబుని ముందే మనకి చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లని తాపీగా కబుర్లాడుకోనిస్తే 15 నిమిషాల టెన్షన్. అక్కడా మనకి ముందే తెలుసు, అక్కడా సీన్ సాగుతూనే ఉంటుంది, కానీ ఎవరూ వాచీ చూసుకోరు. గడిచే ప్రతి నిమిషానికీ ప్రమాదం దగ్గరపడుతోంది. నువ్వు చూసిన సినిమాలో హీరో ఆ నిజం ఇవాళ కనుక్కున్నా రేపు కనుక్కున్నా ఎవరికీ ఏమీ కాదు. అదీ తేడా. "సెకండాఫ్ ల్యాగ్" అని కొట్టిపారేసే బదులు, "హంతకుడెవరో మనకి తెలిశాక, హీరో కూడా తెలుసుకునేదాకా నాకు ఆసక్తి చచ్చిపోయింది" అని రాసి చూడు. ఇలా రాస్తే ఆ హంతకుడెవరో బయటపెట్టాల్సిన పని కూడా లేదు. నేను పైన బయటపెట్టేశాననుకో, అది మనిద్దరి మధ్యే ఉంటుందిలే.

నటన విషయంలోనూ అంతే. "జీవించాడు", "అదరగొట్టాడు", ఈమధ్య కొత్తగా "సెటిల్డ్ పెర్ఫార్మెన్స్". వీటితో ఒక నటుడికీ ఇంకో నటుడికీ తేడా తెలియదు. ఇంచుమించు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే క్లోజప్. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె షాట్ అతికించాడు, ఒకసారి శవపేటిక, ఒకసారి ఆడుకుంటున్న చిన్నపాప. చూసినవాళ్లు ఆ నటుడి ముఖంలో ఆలోచన, దుఃఖం, సంతోషం ఎంత బాగా పలికాయో అని మెచ్చుకున్నారని కులెషోవ్ శిష్యుడు పుడోవ్‌కిన్ రాశాడు. నటుల గొప్పతనం అంతా ఒట్టిదని చెప్పడానికి ఇది ఎత్తలేదు. నటుడు ఏం చేశాడో, కట్ ఏం చేసిందో విడదీసి చూడ్డం అలవాటైతే నీ మెచ్చుకోలుకి బరువొస్తుంది. చూపు తిప్పుకున్నాడా, మాట మధ్యలో మింగేశాడా, అవతలివాళ్లు మాట్లాడుతుంటే చేతులతో ఏం చేస్తున్నాడు? అది రాయి, "జీవించాడు" అన్న మాట చదివేవాళ్లే అనుకుంటారు.

డబ్బింగ్‌లో చూసిన సినిమా అయితే ఆ ముక్క తప్పకుండా చెప్పు. గొంతు వేరేవాళ్లది, మాటలు వేరేవాళ్లు రాసినవి. పెదాల కదలికకి సరిపోయే మాట వెతుక్కోవడంలో డబ్బింగ్ రచయిత పడే తిప్పలు ఆయనకే తెలుసు. నువ్వేమో "డైలాగులు పేలవంగా ఉన్నాయి" అని మూల రచయిత మీద పడ్డావు. ఫోన్‌లో చూసినా చెప్పు, ఆపి ఆపి చూసినా చెప్పు. సినిమానే నెమ్మదిగా ఉందో, విడతలుగా చూడ్డం వల్ల నీకలా అనిపించిందో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

నచ్చని సినిమా గురించి ఎంత గట్టిగా రాయొచ్చని అడిగావు. చూపించగలిగితే ఎంత గట్టిగానైనా రాయొచ్చు. ఇందాక చెప్పిన ట్రూఫోనే, దర్శకుడు కాకముందు, 1954 జనవరిలో 'కాయే దు సినిమా' పత్రికలో అప్పటి ఫ్రెంచి సినిమా పెద్దల్ని ఉతికి ఆరేశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు నిండలేదు. తిట్టడం ఆ వయసులో అందరూ తిడతారు. అతను మాత్రం పేరున్న స్క్రిప్టు రచయితల జంటని పట్టుకుని, నవలలో ఏ సన్నివేశం తీసేసి దాని స్థానంలో ఏం పెట్టారో బయటపెట్టాడు. అతనితో ఏకీభవించనివాళ్లు కూడా దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1958లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవానికి అతన్ని రానివ్వలేదు. మరుసటి ఏడాది అక్కడే ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. నీ విషయంలో ఇలా జరుగుతుందని హామీ ఏమీ ఇవ్వలేను.

మన ముళ్లపూడి వెంకటరమణ గారు కూడా సినిమాలకి రాయకముందు ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసినవారే. నవ్విస్తూ చురక అంటించడం ఎలాగో ఆయన్ని చదివితే తెలుస్తుంది. అది నీకు సహజంగా వస్తేనే సుమా! "టికెట్‌తో పాటు తలనొప్పి మాత్ర కూడా ఇవ్వాల్సింది" అన్న జోకు నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది. నటీనటుల ఒంటి మీదా వయసు మీదా వేసే జోకులైతే అసలే వద్దు. పాత్రకి సరిపోలేదనిపిస్తే ఏ సీన్‌లో అనిపించిందో చెప్పు, చాలు.

ఫ్యాన్స్ విరుచుకుపడతారని టెన్షన్ పడుతున్నావు. పడతారు. బాలేదంటే వీళ్లు, బాగుందంటే అవతలివాళ్లు. అయితే నువ్వు ఫలానా సీన్‌లో ఫలానాది అని రాస్తే, వాదించడానికి వచ్చినవాళ్లు కూడా ఆ సీన్ గురించే మాట్లాడాల్సి వస్తుంది. అందరూ కాదు, కొందరైనా. ఆ కొందరితో మాట్లాడు, మిగతావాళ్లని వదిలెయ్.

నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. ఒకచోట "బి, సి సెంటర్లలో ఆడకపోవచ్చు" అని రాశావు, అంటే చిన్న ఊళ్లలో ఆడదని. నీకెందుకది? నువ్వు డిస్ట్రిబ్యూటర్‌వా? 1975 ఆగస్టు 15న 'షోలే' విడుదలైనప్పుడు మొదట్లో వచ్చిన సమీక్షలు చప్పగా ఉన్నాయి, ఇక పోయినట్టే అనుకున్నవాళ్లూ ఉన్నారు. ముంబయి మినర్వా థియేటర్లో అది ఐదేళ్లకు పైగా ఆడింది. ఏది ఆడుతుందో చెప్పడం ఆ వ్యాపారంలో తలపండినవాళ్లకే చేతకాదు. కానీ ఆ మొదటి వారంలో ఎవరైనా "నాకు ఫలానా సీన్‌లో విసుగొచ్చింది" అని రాసుంటే, ఆ మాట ఇవాళ్టికీ తప్పు కాదు. అతనికి విసుగొచ్చింది, రాశాడు. కలెక్షన్లు ఎంతొచ్చినా ఆ విసుగు రాలేదని ఎవరూ అనలేరు.

రేటింగ్ ఇవ్వకు. 2.5కీ 2.75కీ మధ్య ఏముందో ఇచ్చేవాళ్లకీ తెలియదు. కథ రెండు వాక్యాలు దాటనివ్వకు, నీ సమీక్షల్లో సగం అదే ఉంది. చూసినవాళ్ల కోసం రాస్తున్నావా, చూడనివాళ్ల కోసమా అన్నది మొదలుపెట్టే ముందే అనుకో. రెండు రకాల వాళ్లనీ ఒకేసారి ఒప్పించాలని చూస్తే చూసినవాళ్లకి తెలిసిందే చెప్పినట్టూ, చూడనివాళ్లకి దాచినట్టూ ఉంటుంది. గుర్తున్నవి ఆ రాత్రే, ఇంకెవరి సమీక్షా చదవకముందే ఓ కాగితం మీద పెట్టుకో. చీకట్లో ఫోన్ తీసి రాసుకోవద్దు, పక్కసీటువాళ్ల ఉసురు తగులుతుంది. రాసే ముందు రెండోసారి చూడాలా అన్నావు. అమెరికన్ సినిమా విమర్శకురాలు పాలిన్ కేల్ న్యూయార్కర్ పత్రికకి ఏళ్ల తరబడి రాశారు, సినిమాని ఒక్కసారే చూస్తారని ఆవిడకి పేరు. సరదాగా రాసే నీకు ఒక్కసారి చాలు. మళ్లీ చూడాలనిపిస్తే చూడు, అది వేరే సంగతి.

ఉత్తరంలో ఇంకో మాట కూడా అన్నావు. ఆ కామెడీ సినిమాకి థియేటరంతా పడీ పడీ నవ్వుతుంటే నీకొక్కడికే నవ్వు రాలేదని, ఏం రాయాలో తెలియక వదిలేశానని. ముందు అదే రాయి. హాలంతా నవ్విన ఏదైనా ఒక్క జోకు తీసుకో. ఎవరి మీద వేశారు, ఎవరు వేశారు, నీకు ఎక్కడ తేడా కొట్టింది అన్నదే రాయి, మిగతా సినిమా జోలికి వెళ్లకు. పేజీ దాటకుండా చూసుకో. ఈలోగా నేనూ ఆ సినిమా చూసి ఉంచుతాను. నాకు నవ్వొస్తే మాత్రం వచ్చిందనే చెప్తాను, నిన్ను సమర్థించడం కోసం ఆపుకోను.

ప్రేమతో,
అన్నయ్య