చలికాలం రాకముందే

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. భార్య ప్రభువు సన్నిధికి వెళ్లి రెండేళ్లయింది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఆదివారం ఆరాధన ముగియగానే అందరూ 'వందనాలండీ' అంటూ గేటు దాటిపోతారు. ఎవరైనా ఆగి మాట్లాడతారేమోనని, కాళ్ల ముందే ఉన్న చెప్పులను వెతుకుతున్నట్టు కాసేపు నిలబడతాను. సంఘంలో ఒక పెద్దాయనతో చెప్పుకుంటే, 'ప్రభువు తోడుండగా ఒంటరితనమేమిటి? ప్రార్థన తగ్గినట్టుంది' అన్నారు. నా విశ్వాసంలోనే లోపముందా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీకన్నా ఏడేళ్లు పెద్దదాన్ని, తమ్ముడూ అంటాను, ఏమీ అనుకోకండి. ఆ చెప్పుల మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టి కాసేపు ఊరకే కూర్చున్నాను.

'నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు' అని దేవుడన్న మాట బైబిల్లో ఆదికాండం రెండో అధ్యాయంలోది. పాపం లోకంలోకి వచ్చింది మూడో అధ్యాయంలో. అంటే తొలి మనిషి ఆదాము ప్రార్థన తగ్గి ఆ మాట అనిపించుకోలేదు. దేవుడు ఉన్నాడు, తోట ఉంది, చేతినిండా పని ఉంది. అయినా చాలలేదు.

శిష్యుడు తిమోతికి అపొస్తలుడైన పౌలు రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం కూడా తీయండి. పౌలు చెరలో ఉన్నాడు. తోటి పనివాడు దేమా వదిలేసి వెళ్లాడు, దగ్గర లూకా ఒక్కడే. ప్రభువు నా పక్కన నిలిచాడని రాసిన ఆ అధ్యాయంలోనే, త్వరగా రమ్మని తిమోతిని బతిమాలుతున్నాడు. మార్కును వెంటబెట్టుకు రమ్మన్నాడు. త్రోయ పట్టణంలో కర్పు అనే ఆయన దగ్గర వదిలిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు, ఎందుకంటే ఆ రోజుల్లో చలి మొదలైతే సముద్రం మీద ఓడలు దాదాపు ఆగిపోయేవి. ఇక వసంతం దాకా ఎదురుచూపే. పౌలును అల్పవిశ్వాసి అనే ధైర్యం ఎవరికుంది?

నాకు నచ్చేది ఆయన అడిగిన తీరు. నన్నెవరూ పట్టించుకోవడం లేదని వాపోలేదు. ఎవరు రావాలో, ఏమి తేవాలో, ఎప్పటిలోగా రావాలో రాశాడు.

నేనది ఆలస్యంగా నేర్చుకున్నాను. మావారు పోయాక ఏడాదిపాటు గుమ్మం వైపు చూస్తూ గడిపాను. నలభై ఏళ్లు నర్సుగా ఊరందరినీ పలకరించినదాన్ని, నన్ను అడిగే దిక్కే లేదా అని రానివాళ్లను తిట్టుకున్నాను కూడా. తర్వాత కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. గత్యంతరం లేక, వెనక వీధిలో పదో తరగతి చదివే పిల్లను గురువారం సాయంత్రాలు బైబిలు చదివి వినిపించమన్నాను. వంశావళులు రైలుబండిలా ఒక్క ఊపున లాగించేది, మధ్యమధ్య జంతికలు నములుతూ. కన్ను బాగుపడి మూడేళ్లు దాటింది, ఆ పిల్ల డిగ్రీలోకి వచ్చింది. చదివిపెట్టే మనిషి నాకిక అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తం.

వచ్చే ఆదివారం చెప్పులు గుమ్మం పక్కనే విడవండి. బయటికి వచ్చేటప్పుడు ఒక్కరిని పేరు పెట్టి పిలిచి, 'బుధవారం నాతో బజారుకు వస్తారా? కూరగాయలు ఏరడం మా ఆవిడే చూసుకునేది, నాకు చేతకాదు' అనండి. వీలుపడదంటే ఇంకొకరిని. ఆ పెద్దాయననే మొదట అడిగినా నాకు అభ్యంతరం లేదు.